అక్క లేని ఒక్క రోజు

ఆరో తరగతి మొదటి బెంచీలో, వెనకవాళ్లకి బోర్డు కనిపించనంత పొడుగమ్మాయి ఒకతె కూర్చునేది. తరగతిలో మిగతా పిల్లలకంటే రెండేళ్లు పెద్దది. ఆమె పక్కన, గోడ వైపున, ఆమె తమ్ముడు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లవాడు. గుండ్రటి మొహం, మందపాటి కళ్లద్దాలు, బొజ్జ మీద ఎప్పుడూ ఒక గుండీ ఊడి ఉండే చొక్కా. నన్ను ఆ బడికి పంపింది వాడికోసమే.

ప్రత్యేక విద్య టీచర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మేడం, మీరు చూసినవాటిలో కష్టమైన కేసు ఏది అని అడుగుతుంటారు. ఈ అక్కాతమ్ముళ్ల సంగతి మొదలుపెట్టగానే తమ్ముడి గురించే చెప్తాననుకుంటారు. తమ్ముడితో నాకు పెద్ద కష్టమేమీ రాలేదు.

నేను ప్రత్యేక విద్య టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మాకు సొంత బడి, సొంత తరగతి ఉండవు. సికింద్రాబాద్ చుట్టుపక్కల బడుల్లో ఒక్కో రోజు ఒక్కో చోటికి వెళ్లేదాన్ని. చూపు తక్కువైన పిల్లలు, వినికిడి లేని పిల్లలు, అందరిలా తొందరగా నేర్చుకోలేని పిల్లలు మామూలు తరగతిలోనే చదువుకునేలా చూడటం, వాళ్ల టీచర్లకూ ఇంట్లోవాళ్లకూ దారి చూపడం నా పని. మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది, పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లోనే అయినా ఇంటి యాస పోలేదు. ఆ బడి స్టాఫ్ రూమ్‌లో నేను "ఏమండీ" అన్నప్పుడల్లా ఆటలు నేర్పే పీఈటీ సార్ "మేడం, మీ అండీకి మాకు టైం సరిపోతలేదు" అని నవ్వేవాడు.

ఆ బడి కార్ఖానా అనే పేటలో, మెయిన్ రోడ్డు వెనక ఉంది. మొదటి రోజు తరగతిలోకి వెళ్లి ఆ అబ్బాయి ముందు వంగి, "నీ పేరేంటి నాన్నా?" అన్నాను. అక్క చెప్పింది. "పొద్దున ఏం తిన్నావు?" అన్నాను. "ఉప్మా తిన్నడు మేడం," అక్కే చెప్పింది. వాడు నా మొహం కూడా చూడలేదు. తన తరఫున మాట్లాడే మనిషి ఉన్నప్పుడు తనకెందుకన్నట్టు డెస్కు మీద పెన్సిల్ దొర్లించుకుంటున్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని చూశాను. హాజరు పిలిస్తే తమ్ముడి పేరుకి అక్కే పలికేది. బోర్డు మీది పాఠం ముందు వాడి పుస్తకంలో రాసి, మిగిలిన టైములో తన పుస్తకంలో రాసుకునేది. టీచర్ తుడిచేసేలోపు వాడిది పూర్తయ్యేది, తనది సగమయ్యేది. టిఫిన్ డబ్బా మూత తీసేది, ముద్దలు కలిపి పెట్టేది, మూతి తుడిచేది, బాత్‌రూమ్ దాకా తీసుకెళ్లి తలుపు దగ్గర కాపలా ఉండేది. ఇవన్నీ ఎంత సులువుగా చేసేదంటే, పక్కన కూర్చున్న పిల్లలు తల తిప్పి చూసేవాళ్లు కూడా కాదు.

హెడ్మాస్టర్ మేడం నన్ను తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. "ఆ పిల్ల బంగారం మేడం. ఆమె ఉన్నంత వరకు మాకు ఏం ప్రాబ్లం లేదు. మీరు జెర మిగతా క్లాసులు చూసుకోండి" అంది.

"ఆమెకి రెండేళ్లు ఎక్కువ కదండీ. ఈ తరగతిలో ఎందుకుంది?"

"వాళ్ల అమ్మే ఇద్దర్నీ కలిపి జాయిన్ చేసింది. బాబుకి ఏజ్ వచ్చేదాకా ఆమెను ఇంట్లనే ఉంచిన్రట." ఇది మామూలు సంగతే అన్నట్టు చెప్పి బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపింది.

నేను నా పని మొదలుపెట్టాను. వారానికోసారి వాణ్ణి పక్క గదిలో కూర్చోబెట్టుకుని గుండీలు పెట్టుకోవడం, స్పూనుతో తినడం, కావలసింది నోటితో అడగడం నేర్పేదాన్ని. వాడు చురుకైనవాడు. మాట ముద్దముద్దగా ఉన్నా, కాస్త ఆగి వింటే అర్థమయ్యేది. తొందరగానే గుండీలు వచ్చాయి. అక్క కిటికీ దగ్గర కనిపిస్తే మాత్రం వాడి చేతులు రెండూ టక్కున కిందికి వాలిపోయేవి, బొజ్జ ముందుకు పెట్టి నిలబడేవాడు. ఆమె లోపలికొచ్చి గుండీలు పెట్టేసేది. "నువ్వెళ్లి ఆడుకోమ్మా" అంటే, వెళ్లినట్టే వెళ్లి మళ్లీ అదే కిటికీ దగ్గర నిలబడేది.

ఆ యేడు కొత్తగా వచ్చిన పీఈటీ సార్ ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం, ఆ పొడుగు పిల్ల ఉన్నది చూడండ్రి, తమ్మునితోని ఉంటది కద. పిల్లలందర్ని గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్ కొట్టుమన్న. అందరు సగం దూరం పోలే, ఈమె తిరిగొచ్చి వాని పక్కన కూసున్నది. నా సర్వీసుల గసొంటి ఉరుకుడు చూడలే."

వాడి దగ్గరికి తొందరగా తిరిగి రావాలనే ఆమె అంత వేగంగా పరుగెత్తిందని మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.  తర్వాత ఆయనే అన్నాడు. "నాకు ఖోఖో టీంకు ఆమె కావాలె. వచ్చే యేడు వయసు దాటిపోతది, తీస్కోరు. మీరంత తమ్ముని గురించే పరేషాన్ అయితున్నరు. ఆమె సంగతి సుత జెర చూడుండ్రి."

ఆయనకి కావలసింది గెలిచే జట్టు. ఆ మాట ఆయన దాచుకోలేదు కూడా. అయినా ఆ బడిలో ఆ అమ్మాయి గురించి, ఆమె కోసం ఏదైనా అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆమె మధ్యాహ్నం తమ్ముడికి తినిపించి, వాణ్ణి గ్రౌండ్ పక్కన అరుగు మీద కూర్చోబెట్టి, ఖోఖో ఆడటం మొదలుపెట్టింది. నేను వెళ్లిన రోజుల్లో చూసేదాన్ని. కూర్చున్న పిల్లల మధ్యలోంచి జారిపోయేది, పట్టుకోబోయిన చేతుల కిందనుంచి తప్పించుకునేది. తరగతిలో భుజాలు వంచుకుని కూర్చునే పిల్ల అక్కడ నిటారుగా నిలబడేది. ఆటలో గెలిచిన ప్రతిసారీ అరుగు వైపు ఒకసారి చూసేది.

బడుల మధ్య ఖోఖో పోటీలు నేరేడ్‌మెట్‌లో ఒక బడి మైదానంలో పెట్టారు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. హెడ్మాస్టర్ మేడం దగ్గర దీనికి తేలికైన పరిష్కారం ఉంది. "ఆ రోజు బాబును ఇంట్లనే ఉంచమనండి." ఇంట్లో దానికంటే తేలికైన పరిష్కారం ఉంది. ఆమెనే పంపొద్దు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. బడి వెనక సందులో, మెట్లు ఎక్కి వెళ్లాల్సిన రెండు గదులు. తల్లి ముందు గదిలో మగ్గం మీద పెళ్లికూతురి జాకెట్టు కుడుతోంది. చెక్క చట్రానికి గట్టిగా బిగించిన ఎర్ర పట్టు మీద బంగారు పూసలు. పిల్లవాడు చట్రం కింద కూర్చుని పూసల్ని రంగుల వారీగా గిన్నెల్లో వేస్తున్నాడు. ఒక్కటీ తప్పు పడటం లేదు. అక్క వెనక గదిలో గిన్నెలు కడుగుతోంది.

నేను సంగతి చెప్పాను. తల్లి సూది ఆపకుండానే విన్నది.

"మేడం, మీరు వారానికోపాలి చూస్తరు, నేను రోజు చూస్తున్న. ఆమె లేకుంటే వీడు ఉండడు."

"ఉండడేమో అని మనం భయపడుతున్నామండీ. ఎప్పుడూ ఉంచి చూడలేదుగా."

ఆమె సూదిని బట్టలో గుచ్చి వదిలేసింది. "ఒక మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. మేమెన్ని దినాలుంటం? మేం పోయినంక వీనికి ఎవలున్నరు? అక్కనే కద. అందుకే ఇద్దర్ని ఒక్కతాన ఏసినం. ఇప్పటిసంది అలవాటైతే రేపు ఆమెకు బరువనిపియ్యది."

వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి నీళ్లు మాత్రం పడుతున్నాయి.

ఆ తల్లి మీద కోపం తెచ్చుకోవడం తేలికే. నాకు రాలేదు. ఆమె కొడుకుని కూతురికి అప్పగిస్తోంది. తన దగ్గరున్నవాటిలో నమ్మకమైనది అదొక్కటే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్లలో ఆ భయం నేను చాలాసార్లు చూశాను. గట్టిగా నోటితో అన్నవాళ్లు తక్కువ.

"అమ్మా, రేపు ఆమెకి బరువు కాకూడదంటే ఇవాళ వీడు తేలికవ్వాలి కదా," అన్నాను. "అన్నం తనే తినాలి, బట్టలు తనే వేసుకోవాలి, కావలసింది తనే అడగాలి. వీడికి ఇవన్నీ వస్తాయి. ఆమె పక్కనుంటే మాత్రం చెయ్యడు. కొంచెం ఆమె జరిగితేనే వీడు నేర్చుకుంటాడు."

గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయితే తిరిగి చూశాను. తండ్రి. స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు, అన్నానికని వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో తాళం చెవులు. ఎంతసేపట్నుంచి వింటున్నాడో తెలియదు. నన్ను పలకరించకుండా వెనక గది వైపు చూసి, "ఆడతవా బిడ్డా?" అన్నాడు.

ఆమె తడి చేతులతో గుమ్మం దాకా వచ్చి తల్లి వైపు చూసింది. "సార్ తీస్కుంటే ఆడతా."

"సార్ సంగతి గాదు. నీకు ఆడాలనున్నదా?"

ఆమె తడి చేతులు చున్నీకి తుడుచుకుంది. తర్వాత, "ఉన్నది" అంది. నాకు వినపడలేదు, పెదవుల కదలిక చూసి తెలుసుకున్నాను.

తల్లి మళ్లీ సూది తీసుకుంది. "ఆ దినం ఏమన్న అయితే మీదే జిమ్మ, మేడం."

"పూచీ నాదేనండీ" అన్నాను. 

పోటీల ముందు ఉన్న కాస్త సమయంలో మేము చేసినవి చిన్నచిన్న పనులు. గట్టి మూత టిఫిన్ డబ్బా తీసేసి వాడు తీయగలిగేది కొనిపించాం. బాత్‌రూమ్ దారిలో వాణ్ణి ముందు నడవమని, అక్కని వెనక నడిపించాం. సంచిలో ఒక జత బట్టలు పెట్టించాం. అన్నిటికంటే కష్టమైంది క్లాస్ టీచర్‌తో పని. మంచి మనిషి, పిల్లలంటే ప్రేమ ఉన్న మనిషి. కానీ వాడితో ఏం చెప్పాలన్నా "మీ తమ్మునికి చెప్పమ్మా" అనేది. వాడితో నేరుగా మాట్లాడండి అంటే సిగ్గుపడింది. "వాడు మాట్లాడింది నాకు అర్థం కాకపోతే పిల్లల ముందు బాగుండదు మేడం" అంది. అర్థం కాకపోతే మళ్లీ అడగండి, వాడేమీ అనుకోడు అన్నాను.

ఆ రోజు పొద్దున జట్టు పిల్లలు ఒక ఆటోలో, సార్ బండి మీద బయల్దేరారు. అక్క ఆటోలోంచి తల బయటపెట్టి కనుమరుగయ్యేదాకా గేటు వైపే చూసింది. వాడు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. బెల్లు కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. వాడు కదల్లేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే అక్క చెయ్యికి బదులు నా చెయ్యి దొరుకుతుంది, అంతే. అందుకని స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గరే నిలబడ్డాను.

క్లాస్ టీచర్ హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది. తరగతి మొత్తం ఎదురుచూస్తోంది. వరండాలోంచే వాడి పేరు పెట్టి గట్టిగా పిలిచింది.

వాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు.

"అర్థం కాలేదురా. మళ్లీ చెప్పు."

"అక్క... లేదు."

"అక్క సంగతి అడగలే. నీ సంగతి అడుగుతున్న. నువ్వొచ్చినవా, రాలేదా?"

వాడు ఆలోచించాడు. అంత సూటి ప్రశ్న వాణ్ణి ఎవరూ అడిగి ఉండరు. "వచ్చిన" అన్నాడు.

"వస్తే లోపలికొచ్చి చెప్పాలె. గేటుకాడికెల్లి చెప్తే రాసుకోను."

వాడు ఊచలు వదిలిపెట్టి, కాళ్లు ఈడ్చుకుంటూ, ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్లాడు.

తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. మధ్యాహ్నం డబ్బా తనే తీశాడు, సగం అన్నం బెంచీ మీద పడింది, మిగిలింది తిన్నాడు. గణితం పీరియడ్‌లో కళ్లద్దాలు తీసి ఏడ్చాడు. ఆ తర్వాత నిక్కరు తడుపుకున్నాడు. అడగాలని వాడికి తెలుసు, కానీ తన తరఫున అడిగేందుకు అక్క లేదు. పిల్లలు నవ్వారు. వాడు నేను అంతవరకు చూడని పని చేశాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వాడి నిక్కరు ఎప్పుడు తడిసినా అక్క చున్నీ అడ్డం పెట్టి తీసుకెళ్లిపోయేది. సిగ్గుపడే అవకాశం కూడా వాడికి రాలేదు.

క్లాస్ టీచర్ నా వైపు చూసింది. నేను సంచిలోంచి బట్టలు తీసి వాడి చేతికిచ్చాను. తనే మార్చుకున్నాడు, గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని. తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికి చెయ్యెత్తి, పాఠం మధ్యలో, తరగతి అదిరేలా "బాత్‌రూం!" అన్నాడు. వెళ్లొచ్చాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ వెళ్లొచ్చాడు. మూడోసారి ఎత్తినప్పుడు టీచర్‌కి నవ్వాగలేదు. "బాత్‌రూంకి కాదు మేడం, అడిగితే పంపుతున్నరని పోతున్నడు" అని నాతో అంది. నేరుగా అడిగితే పని జరుగుతుందని వాడు ఆ మధ్యాహ్నమే కనిపెట్టాడు.

సాయంత్రం ఆటో గేటు ముందు ఆగీ ఆగకముందే అక్క దూకి పరుగెత్తుకొచ్చింది. మొదటి ఆట గెలిచారు, రెండోది ఓడిపోయారు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, వెనక వస్తున్న సార్ చెప్పాడు. రెండో ఆటలో, బడి నుంచి ఫోన్ వస్తుందేమోనని, ఆమె చూపంతా సార్ జేబు మీదే ఉందట.

"మేడం, ఏడ్చిండా?"

"కాసేపు ఏడ్చాడు."

"తిన్నడా?"

"తనే తిన్నాడు."

"బాత్‌రూంకు?"

"ఒకసారి తడుపుకున్నాడు. తర్వాత టీచర్ని అడిగి తనే వెళ్లాడు."

మంచి కబురు చెబుతున్నాననే అనుకున్నాను. ఆమె మొహం వాడిపోయింది. కొంచెం అవతల తమ్ముడు ఒక పిల్లవాడితో కలిసి సీసా మూతలు విసిరే ఆటలో ఉన్నాడు. అక్కని చూసి చెయ్యి ఊపి మళ్లీ ఆటలో పడిపోయాడు. ఆమె అక్కడే వరండా మెట్టు మీద కూలబడింది.

"అయితే నేనెందుకు ఇగ?" అంది.

  పసితనం నుంచి చేసిన పనిని ఒక్క రోజులో చేతిలోంచి తీసుకుని, నువ్వు లేకపోయినా జరిగిపోయిందని చెప్తే పెద్దవాళ్లమే తట్టుకోలేం. నేను రిటైరైనప్పుడు తెలిసింది ఆ బాధ. ఆ పిల్లకి పదమూడేళ్లకే తెలిసింది.

ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "మొదటి ఆటలో ఎలా గెలిచారు?" అని అడిగాను.

"గెలిచినం, అంతే."

"అంతే అంటే ఎలా? నాకు ఖోఖో తెలియదు, చెప్పు."

ముందు ఒక్కో మాటే వచ్చింది. అవతలి జట్టులో ఒక పొట్టి పిల్ల బాగా ఉరుకుతదని అంది. ఆ పిల్ల ఎడమ వైపు తిరిగేటప్పుడు ఆలస్యం చేస్తదని తను కనిపెట్టినట్టు చెప్పింది. కాసేపటికి లేచి నిలబడి, మట్టిలో కాలితో గీతలు గీసి, ఎక్కడ తిరిగిందో, ఎలా తప్పించుకుందో చూపించింది. "చెయ్యి గింత దూరంల ఉండె మేడం, నేను గిట్ల జారిన!" అంటూ నిజంగానే జారి చూపించింది. నాకు తెలిసి, తమ్ముడి ప్రస్తావన లేకుండా ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఆ తర్వాత అంతా మారిపోయిందని అనుకోకండి. మర్నాటి నుంచి ఆమె తమ్ముణ్ణి ఇంకా గట్టిగా పట్టుకుంది. ముక్కు తుడవడంలో కూడా విసురు కనిపించేది. వాడు తనే గుండీ పెట్టుకోబోతే చెయ్యి తోసేసేది. కొన్నాళ్లు నేను కూడా తప్పు చేశామా అని మథనపడ్డాను. హెడ్మాస్టర్ మేడం నాకంటే ఓపిక చూపింది. వాడు అక్క లేకుండా ఒక రోజు గడిపాడని చూశాక ఇద్దరి బెంచీలు వేరు చేసింది, తర్వాత ఆమెని పక్క సెక్షన్‌కి మార్చింది. తల్లి బడికి వచ్చి గొడవపడింది, ఏడ్చింది, చివరికి ఒప్పుకుంది. కొన్ని రోజులు ఆ అమ్మాయి రెండు తరగతుల మధ్య గోడ దగ్గర కూర్చుని చెవి ఒగ్గి వినేదని ఆమె టీచర్ చెప్పింది. తర్వాత పక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిలతో స్నేహమైంది. ఆ గోడ దగ్గరి చోటు ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరూ గమనించలేదు.

ఫోన్ చేసే కొత్త టీచర్లకి నేను చెప్పేది ఇదే: మీరు ఇళ్లకి వెళ్లినప్పుడు, బడికి వెళ్లినప్పుడు, మీరు చూడాల్సిన పిల్ల దగ్గర ఉండే ఇంకో పిల్లని కూడా చూడండి. నోరు మెదపకుండా పనులు చేసుకుపోయే అక్కో, చెల్లో, అన్నో ఉంటారు. అందరూ బంగారం అంటారు. బంగారం అన్నాక ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆ యేడు చివర్లో ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతున్నాం. తలుపు దగ్గర ఆ అమ్మాయి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది. వెనకాల తమ్ముడు, చొక్కా కాలర్ ఆమె చేతిలో.

"మేడం, వీడు నా కలర్ పెన్సిళ్లన్నీ విరగ్గొట్టిండు. ఎందుకు విరగ్గొట్టినవంటే పో అంటున్నడు."

"పో" అన్నాడు తమ్ముడు, స్పష్టంగా.

పీఈటీ సార్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. క్లాస్ టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కష్టం మీద మొహం గంభీరంగా పెట్టుకుని, "నా దగ్గరికెందుకు తెచ్చావు? మీ తమ్ముడే కదా, నువ్వే సర్దుకో" అన్నాను.

"నేనెందుకు సర్దుకోవాలె? నా పెన్సిళ్లు మేడం అవి. వాణ్ణి మీరు తిట్టుండ్రి."

తిట్టాను. ఏ పిల్లవాణ్ణయినా ఎలా తిడతానో అలాగే. ఒకరి వస్తువు అడక్కుండా ముట్టుకోకూడదని, పాడుచేస్తే క్షమించమని అడగాలని, పెద్దవాళ్లని పో అనకూడదని. వాడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. అక్క చేతులు కట్టుకుని పక్కన నిలబడి, నేను సరిగ్గా తిడుతున్నానో లేదో చూస్తోంది.

నేను ఆపగానే అంది, "ఇంకా గట్టిగ, మేడం."